చొక్కా నలగకుండా చాంబర్‌లోకి: ట్యాంక్ బ్యాగ్ గురించి ఒక మెడికల్ రెప్ మాట

మెడికల్ రెప్ ఉద్యోగంలో, అంటే మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసి మందుల గురించి చెప్పే పనిలో, బ్యాగ్ మోయడమే సగం పని. హన్మకొండ, వరంగల్‌లలోనే తిరిగే రోజు అది పెద్దగా తెలియదు. నక్కలగుట్ట, బాలసముద్రం, ఎంజీఎం పెద్దాసుపత్రి చుట్టుపక్కల నాలుగడుగులకో క్లినిక్ ఉంటుంది. కానీ పరకాల, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట పోవాల్సిన రోజు, అంటే మా లెక్కలో ఎక్స్ స్టేషన్ రోజు, ఆ బ్యాగ్ ఒంటి మీద ఉందా బండి మీద ఉందా అన్నది మస్తు తేడా చేస్తుంది. వీపుకి తగిలించుకుంటే గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దాటకముందే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, భుజాల మీద పట్టీల అచ్చు పడుతుంది. డాక్టర్ గారు మనకిచ్చేది రెండు మూడు నిమిషాలు. నోరు తెరవకముందే చెమట మరక కనిపిస్తే ఆ రెండు నిమిషాలూ మనం కుదురుగా మాట్లాడలేం.

మా వాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆ పాత నల్ల బ్యాగ్‌నే అడ్డంగా భుజానికి వేసుకుని బండి నడుపుతారు. బరువంతా ఒక్క భుజం మీదే, మలుపు తిరిగినప్పుడల్లా తొడకు కొట్టుకుంటుంది. సీనియర్లలో మెడనొప్పి, నడుం నొప్పి లేనివాళ్లను వెతుక్కోవాలి. వెనక సీటు మీద రబ్బరు తాడుతో కడితే సరిపోదా అంటే, జాయింట్ వర్కింగ్ రోజు, అంటే మాతో కలిసి తిరిగే రోజు, మేనేజర్ గారు ఎక్కడ కూర్చోవాలి? పైగా వెనక కట్టింది మన కంటికి కనపడదు. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి పోతుంది, ఉందా పడిందా అని. బండి నడిపే మనిషి అట్లా ఒక చేత్తో తడుముకోవడం మంచిది కాదు.

అందుకే ట్యాంక్ బ్యాగ్, అంటే బండి పెట్రోల్ ట్యాంక్ మీదే కూర్చునే బ్యాగ్. లడఖ్ పోయే బుల్లెట్ బృందాల సామాను అనుకుని మనలాంటివాళ్లు దీని జోలికి పోరు. నా అభిప్రాయంలో రోజూ పని మీద తిరిగేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. నాది హోండా షైన్ 125, వాడేది పట్టీలతో కట్టే రకం, సుమారు పది లీటర్ల బ్యాగ్. హైదరాబాద్‌లో రైడింగ్ సామాను అమ్మే ఒక దుకాణంలో 2,600 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే తీరు బ్యాగులు రైనాక్స్, వయాటెర్రా, గార్డియన్ గేర్స్ లాంటి మన దేశపు కంపెనీలూ అమ్ముతున్నాయి, రెండు వేల లోపు నుంచి ఆరేడు వేల దాకా ధరలున్నాయి. ఏ పేరున్న బ్యాగ్ చేతికి తీసుకున్నా చూడాల్సినవి మాత్రం ఒకటే.

మొట్టమొదట చూడాల్సింది బ్యాగ్‌ను కాదు, మీ బండి ట్యాంక్‌ను. ట్యాంక్ బ్యాగులు ముఖ్యంగా మూడు రకాలు: అయస్కాంతంతో అంటుకునేవి, పట్టీలతో కట్టేవి, పెట్రోల్ మూత చుట్టూ బిగించిన రింగుకు టక్కున తగులుకునేవి. అయస్కాంతం ఇనుముకు అంటుకుంటుంది, ప్లాస్టిక్‌కూ అల్యూమినియానికీ అంటుకోదు. మనూళ్లో ఎక్కువగా కనపడే స్ప్లెండర్, షైన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ లాంటి బండ్లకు స్టీల్ ట్యాంకే ఉంటుంది కానీ, స్పోర్టు బండ్లలో కొన్నిటికి పైన ప్లాస్టిక్ తొడుగు వస్తుంది, అసలు ట్యాంక్ దాని కింద దాక్కుంటుంది. చూడ్డానికి రంగు ఒకటే, తేడా తెలియదు. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతం తీసుకెళ్లి ట్యాంక్ పైనా రెండు పక్కలా ఆనించి చూస్తే సంగతి తేలిపోతుంది.

మన దగ్గర ఇంకో విషయం ఉంది. కొత్త బండి రాగానే చాలామంది రెగ్జిన్ ట్యాంక్ కవర్ తొడిగిస్తారు. అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య ఎంత సందు పెరిగితే పట్టు అంత వేగంగా తగ్గిపోతుంది. లోపల స్పాంజి ఉన్న కవర్ మీద అయస్కాంతం బ్యాగ్ పెడితే, ఆగి ఉన్న బండి మీద బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, గుంతలో పడగానే జారుతుంది. కవర్ తీసేస్తారా, అయస్కాంతం వద్దనుకుంటారా అన్నది ముందే తేల్చుకోవాలి.

మా టీమ్‌లో తమ్ముడు లాంటి జూనియర్ ఒకాయన అయస్కాంతం బ్యాగ్ వాడతాడు. కొన్నాళ్లు అది తీసుకుని నేనూ నడిపాను. పెట్టడం తీయడం క్షణాల్లో పని, ఆ సుఖాన్ని కాదనలేను. హన్మకొండ లోపల రోజంతా దిగుతూ ఎక్కుతూ ఉండేవాళ్లకు అది చాలా బాగుంటుంది. కానీ భూపాలపల్లి తొవ్వ వేరు. అటు సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ ప్లాంటు, బొగ్గు లారీలు, వాటితో పాటు గోదావరి ఇసుక లారీలు. రేగొండ దాటాక లారీ వెనక పడితే ముక్కులో, కళ్లలో, ట్యాంక్ మీద అంతా దుమ్మే. ఆ దుమ్ము అయస్కాంతం కింద చేరి, బండి వణుకుతున్నంతసేపూ పెయింటును రుద్దుతుంది. మెకానిక్ షెడ్డులో బ్యాగ్‌ను కింద పెట్టారో, నేల మీది ఇనుప రజనంతా అడుగుకు పట్టుకుంటుంది. చేత్తో దులిపితే రాదు, తడి బట్టతో పదేపదే తుడవాలి. తుడవకుండా తిరిగి ట్యాంక్ మీద పెడితే ఉప్పు కాగితంతో రాసినట్టు గీతలు పడతాయి.

అయస్కాంతం విషయంలో మందుల రంగంలో ఉన్నవాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఈ రకం బ్యాగ్ జోలికి పోకూడదు. అయస్కాంతం దగ్గరికొస్తే పేస్‌మేకర్ పని తీరు మారే వీలుంది, అందుకే అలాంటి వస్తువులను ఒంటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని వాటి తయారీదారులే చెబుతారు. మనం ముందుకు వంగి బ్యాగ్‌ను ఎత్తి ఛాతీకి ఆనించుకునేటప్పుడు ఆ దూరం ఎక్కడుంటుంది? మన బండి ఇంట్లో పెద్దవాళ్లు కూడా నడుపుతుంటే దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోండి. మిగతావి చిన్నవి: ఫోన్‌లో దిక్సూచి తప్పు చూపించడం, వెనక నల్ల గీత మీదే పనిచేసే పాత కార్డులు చెడిపోవడం లాంటివి. మెమరీ కార్డులకు, పెన్‌డ్రైవ్‌లకు ఈ అయస్కాంతాల వల్ల ఏమీ కాదు.

రింగు రకం గురించి రెండు మాటలు చాలు. గివి, ఎస్‌డబ్ల్యూ మోటెక్ లాంటి విదేశీ కంపెనీలవి అద్భుతంగా ఉంటాయి, బ్యాగ్ ట్యాంక్‌కు ఆనకుండా కొంచెం పైకి నిలుస్తుంది, పెయింటుకు ఏ బాధా లేదు. కానీ ఆ రింగు ఒక్కో బండి మూతకు ఒక్కో కొలతలో రావాలి. పెద్ద బండ్లకు దొరుకుతుంది. షైన్‌కూ స్ప్లెండర్‌కూ వెతికి టైం వృథా చేసుకోవద్దు.

ఇక పట్టీల రకం, నేను వాడేది, మీకూ చెప్పేది. దీనికి ట్యాంక్ ఇనుమైనా ప్లాస్టిక్కైనా, మీద కవర్ ఉన్నా లేకున్నా ఒక్కటే. ముందు పట్టీ హ్యాండిల్ కింద బండి మెడ చుట్టూ పోవాలి, వెనక పట్టీలు సీటు కింద ఫ్రేముకు కట్టుకోవాలి. సీటు విప్పి మొదటిసారి కట్టడానికి అరగంట పడుతుంది, ఆ పని నిదానంగా చేయండి. ముందు పట్టీ వేసేటప్పుడు అక్కడ క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, వైర్ల కట్ట అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. పట్టీ వాటిని కలిపి నొక్కేయకుండా ఫ్రేము గొట్టం చుట్టూ మాత్రమే పోనివ్వాలి. కట్టడం అయ్యాక బండిని స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా తిప్పి చూడండి. తిప్పేటప్పుడు ఇంజిన్ చప్పుడు దానంతటదే పెరిగితే కేబుల్ ఎక్కడో లాగుతోందన్నమాట. వెంటనే విప్పి మళ్లీ కట్టాలి. ఇది చూసుకోకుండా రోడ్డెక్కితే యూ టర్న్ తీసుకునేటప్పుడు బండి ముందుకు దూకుతుంది. దయచేసి ఈ ఒక్క పరీక్ష మానేయకండి.

అదే సమయంలో ఇంకొన్ని చూసేయొచ్చు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బ్యాగ్ మూల హారన్ బటన్‌ను నొక్కుతోందా, తాళంచెవి గుత్తి బ్యాగ్ కింద ఇరుక్కుంటోందా, కూర్చుంటే మీటరు, పెట్రోల్ ముల్లు కనిపిస్తున్నాయా? నా తాళంచెవికి ఇంటి తాళాలు, బీరువా తాళం అన్నీ వేలాడుతూ బ్యాగ్ ముందు భాగాన్ని కోస్తుండేవి. ఇప్పుడు బండిదొక్కటే విడిగా పెట్టుకుంటున్నాను.

సైజు దగ్గర చాలామంది పెద్దదాని వైపు మొగ్గుతారు. దుకాణంలో కూడా అదే చూపిస్తారు: "అన్నా, ఇరవై లీటర్లది తీస్కో, పైసలు ఇంకో ఆరొందలే ఎక్కువ." మనలాంటి 125, 150 బండ్లకు ఇరవై లీటర్లు వద్దు. ఈ బండ్ల ట్యాంక్ సన్నగా ఉంటుంది. పెద్ద బ్యాగ్ రెండు పక్కలా వేలాడి మోకాళ్లకు తగులుతుంది, ఎత్తు పెరిగి బ్రేకు వేసినప్పుడల్లా కడుపుకు గుద్దుతుంది. ఫుల్ హెల్మెట్ పెట్టుకుని తల వంచితే గడ్డం దగ్గరి భాగం బ్యాగ్‌కు ఆని మీటరు కనపడదు. దుకాణానికి పోయేటప్పుడు మీరు రోజూ మోసే సామానంతా పట్టుకెళ్లి, అందులో సర్ది, మీ బండి మీదే పెట్టి కూర్చుని చూడండి. ఖాళీ బ్యాగ్ ఏ బండి మీదైనా అందంగానే ఉంటుంది. పైన ఇంకో జిప్పు తీస్తే ఎత్తు పెరిగే బ్యాగులు కూడా వస్తాయి. మాపటికి ఇంటికి కూరగాయలు తీసుకుపోవడానికి ఆ జిప్పు పనికొస్తుంది, లాంగ్ పోయేటప్పుడు మాత్రం మూసే ఉంచాలి.

బరువు సంగతి. ట్యాంక్ మీద పెట్టిన బరువు బండి నడిమధ్యకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, తోక దగ్గర కట్టిన బరువుతో పోలిస్తే బండి చాలా నిలకడగా పోతుంది. మల్లంపల్లి వైపు హైవే మీద ఎదురుగా బస్సు గాలి కొట్టినా బండి ఊగదు. అయితే ఆ బరువు ఎత్తులో కూడా ఉంది కదా, నెమ్మదిగా పోయేటప్పుడు అది తెలుస్తుంది. హన్మకొండ చౌరస్తాలో ట్రాఫిక్ మధ్య కాలు ఆనించి కదిలేటప్పుడు బండి ఒక పక్కకు ఒరగాలని చూస్తుంది. నా లెక్క మూడు కిలోలు. నాలుగైదు దాటితే మిగతాది వెనక కట్టుకోండి లేదా స్టాకిస్టు (మందుల హోల్‌సేల్ డీలరు) దగ్గర ఉంచి రెండో విడతలో తీసుకోండి. స్టీల్ వాటర్ బాటిల్, టిఫిన్ డబ్బా లాంటి గట్టి వస్తువులు ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టొద్దు. ఏదైనా గుద్దుకున్నప్పుడు మన కడుపు, ఛాతీ ముందుకొచ్చి తగిలేది ఆ బ్యాగ్‌కే. లోపల కాగితాలు, స్ట్రిప్పులు ఉండటం వేరు, స్టీల్ ఉండటం వేరు.

పెట్రోల్ బంకు దగ్గర ట్యాంక్ బ్యాగ్ వాడేవాళ్లందరికీ ఒక్కటే ఇబ్బంది. మూత దాని కిందే ఉంటుంది. "అన్నా, బ్యాగ్ జర ఎత్తుర్రి" అని బంకు పిల్లగాడు అనేలోపే వెనక రెండు బండ్లు హారన్ కొడతాయి. కొనేటప్పుడే వెనక పట్టీలకు క్లిప్పు బకిల్స్ ఉన్నాయా చూడండి. ఉంటే వెనక రెండూ నొక్కి, బ్యాగ్‌ను హ్యాండిల్ వైపు పడుకోబెట్టి పెట్రోల్ పోయించుకోవచ్చు, ముందు పట్టీ ముట్టుకోనక్కర్లేదు. బకిల్స్ లేకుండా ముడి వేసే పట్టీలైతే ఎంత చవకైనా వదిలేయండి.

ఆ మూతతో సంబంధమున్న ఇంకో విషయాన్ని బ్యాగ్ అమ్మేవాళ్లెవరూ చెప్పరు. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటికి ట్యాంక్ లోపలికి గాలి పోయేది మూతలోని చిన్న రంధ్రం నుంచే. బ్యాగ్ అడుగున మెత్తటి రబ్బరు ఉండి, అది మూతను గట్టిగా కప్పేస్తే గాలి ఆడక పెట్రోల్ కిందికి దిగదు. బండి కాసేపు పోయి ఆగిపోతుంది, మూత తీసి పెడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. అలా జరిగితే ప్లగ్గు మార్చకుండా ముందు బ్యాగ్‌ను కొంచెం జరిపి చూడండి. వానకాలంలో ఇంకో జాగ్రత్త. తడిసిన బ్యాగ్ అడుగున నీళ్లు మూత చుట్టూ నిలుస్తాయి. మూత పక్కన ఆ నీళ్లు పోవడానికి చిన్న తూము లాంటి రంధ్రం ఉంటుంది, మట్టి పడితే అది మూసుకుపోతుంది. ఇప్పుడు మనకు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంక్ అడుగుకు చేరతాయి. అందుకే వానలో నడిపిన రోజు ఇంటికి రాగానే బ్యాగ్ విప్పి, మూత చుట్టూ తుడిచి, ఆ రంధ్రాన్ని సన్న పుల్లతో శుభ్రం చేస్తాను.

వాన అంటే మా వైపు వాన మామూలుగా ఉండదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, తెలంగాణలో అంతకుముందెన్నడూ అంత నమోదు కాలేదు. అదే వానకు భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరే మునిగింది. అంతటి రోజున బండి బయటికి తీయకూడదు, అది వేరే సంగతి. కానీ గట్టి వానలకు కటాక్షాపూర్ చెరువు మత్తడి దూకి నీళ్లు రోడ్డెక్కే రోజులుంటాయి, ఆ నీళ్లు తగ్గేదాకా గంటల కొద్దీ వానలో నిలబడాల్సి వస్తుంది. బ్యాగ్‌తో పాటు ఇచ్చే రెయిన్ కవర్ అప్పుడు సరిపోదు. అది పై నుంచి పడే నీటిని ఆపుతుంది, ట్యాంక్ మీద పారి అడుగు నుంచి ఎక్కే నీటిని ఆపదు. వేగం పెరిగితే గాలికి ఉబ్బి ఊడిపోతుంది కూడా. బ్యాగ్ గుడ్డ 1680 డెనియర్ అని గొప్పగా రాస్తారు. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. దారం ఎంత లావో అది చెబుతుంది, నీళ్లు లోపలికి రావని చెప్పదు. నీళ్లు వచ్చేది కుట్ల లోంచి, జిప్పు లోంచి. నేను చేసేది సులువైన పని: లోపల నోరు మూడు మడతలు మడిచి బిగించే వాటర్‌ప్రూఫ్ సంచి ఒకటి పెట్టి, విజువల్ ఎయిడ్ (డాక్టర్లకు మందుల గురించి చూపించే బొమ్మల పుస్తకం), ట్యాబ్, ఆర్డర్ పుస్తకం అన్నీ అందులోనే వేస్తాను. బయటి బ్యాగ్ పూర్తిగా తడిసినా లోపలి కాగితం మూల కూడా చెమ్మగిల్లదు. ఈ సంచి పెట్టినప్పటి నుంచి రెయిన్ కవర్ గురించి బెంగ పోయింది.

ఎండ అంతకంటే పెద్ద శత్రువు, మా పనికి మరీ. మే నెలలో ఇటు 45 డిగ్రీలు తగలడం కొత్త కాదు. కింద ఇంజిన్ వేడి, పైన ఎండ, మధ్యలో నల్ల బ్యాగ్. చాలా మందుల పెట్టెల మీద 25 లేదా 30 డిగ్రీలు మించకుండా ఉంచాలని రాసి ఉంటుంది. మనం డాక్టర్ గారి చేతికిచ్చే శాంపిల్ ఆయన ఎవరో బీద రోగికి ఇస్తారు. అది ట్యాంక్ మీద మూడు గంటలు ఉడికిన మందు కాకూడదు. ఎండకాలంలో శాంపిల్స్ ఏవీ ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టను, ఆ రోజు కాల్స్‌కు, అంటే కలవాల్సిన డాక్టర్లకు, సరిపడా మాత్రమే లెక్కపెట్టుకుని వెండి రేకు పూసిన ఫోమ్ సంచిలో వెనక పెడతాను. సపోజిటరీలు (మలద్వారంలో పెట్టే మందులు) ఒంటి వేడికే కరిగేలా తయారవుతాయి, సాఫ్ట్ జెల్ క్యాప్సూళ్లు వేడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సింది, దాన్ని ఏ కాలంలోనూ ఈ బ్యాగ్‌లో పెట్టే మాటే లేదు. కొత్తగా చేరిన పిల్లలకు ప్రోడక్టు గురించి నేర్పినట్టే ఇది కూడా నేర్పాలి.

పైనుండే పారదర్శకపు జేబులో ఫోన్ పెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. మ్యాప్ చూడ్డానికి బాగుంటుంది కానీ, ఎండలో ఆ ప్లాస్టిక్ కింద ఫోన్ పావుగంటలో వేడెక్కి తెర మసకబారుతుంది. బండి వణుకు సంగతి కూడా ఉంది. పెద్ద ఇంజిన్ల బైకుల వణుకు ఫోన్ కెమెరా పనితీరును దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. మా షైన్ అంత పెద్దది కాకపోయినా నేను ఆ జేబులో ఫోన్ పెట్టను. ఆ రోజు చూడాల్సిన డాక్టర్ల పేర్లు, ఓపీ టైములు చేత్తో రాసిన చీటీ అందులో పెడతాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్క చూపు చూస్తే చాలు, తర్వాతి కాల్ ఎవరిదో తెలుస్తుంది.

కొన్న బ్యాగ్ కొన్నట్టే వాడలేదు. మూడు చిన్న మార్పులు చేయించాను, ఈ సమీక్షలో సగం మెప్పు ఆ పనికే పోవాలి. వరంగల్ చౌరస్తా దగ్గర సీటు కవర్లు కుట్టే భాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన బ్యాగ్‌ను తిప్పి తిప్పి చూసి, "దీంట్ల ఎంత బరువేస్తవ్?" అని అడిగాడు. మూడు కిలోలన్నాను. "అయితే ఈ పట్టీ మొదట్ల ఉత్త కుట్టు ఆగది. లోపల రెగ్జిన్ ముక్క ఏసి డబ్బా కుట్టు కొట్టాలె. లేకుంటే ఆడనే చినుగుతది" అన్నాడు. బ్యాగ్ కంపెనీల ప్రకటనల్లో ఈ మాట ఎక్కడా చదవలేదు, పట్టీల బ్యాగులు తెగేది సరిగ్గా అక్కడే. నాలుగు పట్టీల మొదళ్లనూ అట్లా బలపరిచాడు. అడుగున మెత్తటి జారని రబ్బరు షీటు కుట్టి, మూత వచ్చే చోట గుండ్రంగా కోసి వదిలాడు, దాంతో గాలి రంధ్రం బాధ కూడా తీరింది. మూడోది, పక్కన రెండు ఇనుప రింగులు వేసి భుజానికి తగిలించుకునే పట్టీ. బండి దిగగానే నాలుగు క్లిప్పులు తీసి, పట్టీ తగిలించుకుంటే అదే నా డిటెయిలింగ్ బ్యాగ్, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది. ఎంజీఎం పార్కింగ్‌లో బండి మీద బ్యాగ్ వదిలి పోవడం అనే మాటే ఉండదు. మొత్తం 450 రూపాయలు తీసుకున్నాడు. పనితనానికి అది తక్కువే.

సర్దడంలో నేను పాటించే వరుస ఇది: బరువైన విజువల్ ఎయిడ్, ట్యాబ్ అడుగున పడుకోబెట్టి, దాని మీద మెత్తగా ఒక తువ్వాలు, పైన కాగితాలు, కార్డులు, పెన్నులు. సింగిల్ సిలిండర్ బండి వణుకుకు వదులుగా ఉన్న ప్రతిదీ ఒకదాన్నొకటి రుద్దుకుంటుంది. సందు మిగిలితే తువ్వాలుతోనే నింపేయాలి. ఆ తువ్వాలు ముఖం తుడుచుకోవడానికీ పనికొస్తుంది. ములుగు పోయేటప్పుడు గట్టమ్మ గుడి దగ్గర ఎలాగూ ఆగి దండం పెట్టుకుంటాం, అక్కడే పట్టీలు నాలుగూ ఒకసారి లాగి చూస్తాను. కొత్త పట్టీలు మొదటి పది ఇరవై కిలోమీటర్లలో కొంచెం సాగి వదులవుతాయి, తర్వాత కుదురుకుంటాయి.

దీంట్లో నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. పట్టీలు రోజుకు పదిసార్లు విప్పి కట్టడం చిరాకే, హన్మకొండలోపల తిరిగే రోజు ఆ జూనియర్ అయస్కాంతం బ్యాగ్ చూస్తే ఆశ పుడుతుంది. నల్లరంగు ఒక్క ఎండకాలానికే బూడిదరంగుకు తిరిగింది. జిప్పు పళ్లలో దుమ్ము చేరి గట్టిపడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి ముక్క రుద్దితే మళ్లీ జారుతుంది. జిప్పు కొనకు వేలాడే ఇనుప ముక్క ట్యాంక్‌ను కొడుతుంటే తీసేసి దారం ముక్క కట్టాను. ఇవన్నీ భరించదగినవే. వీపు తేలికగా ఉండటం, సామాను కళ్ల ముందుండటం, చొక్కా నలగకపోవడం, ఈ మూడింటి ముందు అవి నాకు లెక్కలోకి రావు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను, భాయ్ చేతి పని కలిపితే నాలుగున్నర.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. స్కూటీ వాళ్లకు ట్యాంకే ముందుండదు. చిన్న పిల్లలను ముందు ట్యాంక్ మీద కూర్చోబెట్టుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. పిల్లలకు అది క్షేమం కాదు, వాళ్ల కోసం బ్యాగ్ మానుకోవడం కంటే ఆ కూర్చోబెట్టడమే మానుకుంటే మంచిది. బాగా పొట్టిగా ఉండి ట్యాంక్‌కు ఆనుకుని కూర్చునేవాళ్లు పదికి బదులు ఐదారు లీటర్ల చిన్న పౌచ్ చూసుకోండి, ఫోను, పర్సు, కాగితాలకు అది చాలు. ఇక కొనాలనుకుంటే వానకాలం మొదలుకాకముందే కొని, కుట్టు పని దసరాకు చాలా ముందే చేయించుకోండి. పండగ దగ్గరపడితే ఊళ్లో సగం బండ్లు కొత్త సీటు కవర్ల కోసం భాయ్ దుకాణం ముందే ఉంటాయి, మీ బ్యాగ్ ముట్టుకోవడానికి ఆయనకు వారం పడుతుంది.